తప్పయితేనే పలికే గొంతు

కార్గో షెడ్డు గోడకు ఆ నోటీసు అంటించిన రోజున ముత్తయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. చుట్టూ మూగినవాళ్ళు అందులో ఏముందని అడిగితే, కళ్ళు మీకూ ఉన్నాయి కదా అని పక్కకు తప్పుకున్నాడు.

నోటీసు తెలుగులోనే ఉంది. విమానాల్లో వెళ్ళే సరుకుల్లో ప్రమాదం తెచ్చేవి కొన్ని ఉంటాయి. వాటిని గుర్తుపట్టడం రానివాళ్ళు ఇక ముందు ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కకూడదు. కంప్యూటర్‌లో పాఠం పెట్టారు. అది నేర్చుకుని, చివర అడిగే యాభై ప్రశ్నల్లో నలభైకి సరైన జవాబు పెట్టాలి. ఒక్కొక్కరికి పది అవకాశాలు. బోనాలు అయిపోయిన సోమవారం నాటికి నెగ్గనివాళ్ళు బండి దిగి హమాలీల్లో కలవాలి.

అది 2012. వానలు ఇంకా మొదలు కాలేదు.

ముత్తయ్యకు యాభై ఒక్క ఏళ్ళు. శంషాబాద్ పక్కన తొండుపల్లి అతని ఊరు. అక్కడి బడిలోనే ఏడో తరగతి వరకు చదివాడు. ఉన్న రెండెకరాలు విమానాశ్రయం కిందికి పోయాయి. ఆ తర్వాత ఒక సరుకు రవాణా కంపెనీలో చేరి, రెండేళ్ళు పెట్టెలు మోసి, మూడో ఏట ఫోర్క్‌లిఫ్ట్ నేర్చుకున్నాడు. ముందువైపు రెండు ఇనుప కొమ్ములతో టన్ను బరువును కూడా తట్ట ఎత్తినట్టు ఎత్తిపెట్టే బండి అది. ముత్తయ్య బతుకులో చెప్పిన మాట విన్నది అదొక్కటే. తమ్ముడు వినలేదు. భూమి కొలవడానికి వచ్చినవాళ్ళు వినలేదు. దవాఖానలో డాక్టరు వినలేదు. వాళ్ళలో ఒక్కరినీ అతను క్షమించలేదు. బండి మాత్రం లివర్ లాగితే లేస్తుంది, తోస్తే దిగుతుంది. దాని మీద నుంచి దిగి, ఈ వయసులో మళ్ళీ వీపు వంచి పెట్టెలు మోయడం కన్నా చావడం నయమనుకున్నాడు.

భార్య అనంతమ్మ పోయి రెండేళ్ళయింది. మూడు రోజుల జ్వరం, నాలుగో రోజు మనిషి లేదు. కూతురు మనీషాను బుద్వేల్‌లో ఇచ్చారు. ఆమె ప్రతి ఆదివారం ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతుంది. తిన్నానంటాడు. మందులు వేసుకున్నావా అంటుంది. వేసుకున్నానంటాడు. ఆ మీద ఇద్దరికీ మాట దొరకదు. తక్కిన ఆరు రోజులూ ఇంట్లో పలికే గొంతు లేదు. టీవీ ఉంది కానీ, తనను చూడకుండా మాట్లాడేవాళ్ళ మొహం చూడటం అతనికి ఇష్టం లేదు.

పాఠం క్యాంటీన్ వెనకాల రేకుల గదిలో. ఒక బల్ల, దాని మీద కంప్యూటర్, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు. ఎవరి నంబరు వాళ్ళు కొడితే వాళ్ళ పాఠం తెరుచుకుంటుంది. ఈ వ్యవహారమంతా చూసేది శ్రీలత. ఇరవై ఆరేళ్ళ పిల్ల. బడంగ్‌పేట్ నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. బస్సులో కూర్చున్నంతసేపూ ఫోన్‌లో ఇంగ్లిష్ పాఠాలు వింటుందట. బ్యాంకు పరీక్షకు లెక్కలు కూడా ఫోన్‌లోనే నేర్చుకుంటోందట. సార్లకు ఫీజు కట్టలేనివాళ్ళకు ఇవే సార్లని చెప్పి నవ్వింది. ముత్తయ్య నవ్వలేదు. చదువు రావాలంటే ఎదురుగా బెత్తం పట్టుకున్న మనిషి ఉండాలని అతని నమ్మకం. అతని ఏడు తరగతులూ అట్లాగే వచ్చాయి.

హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే ఒక ఆడగొంతు పలికింది. ఆంధ్ర వైపు మాట. వాక్యం చివర ‘అండీ’ లేనిదే ఆగదు. ముత్తయ్యకు ఒళ్ళు మండింది. ఎర్ర చీటీ మీద మంట బొమ్మ ఉంటే లోపల అంటుకునే ద్రవం. పుర్రె బొమ్మ ఉంటే విషం. చేతి మీద చుక్కలు పడుతున్న బొమ్మ ఉంటే కండను తినేసే యాసిడ్. ఇంత చిన్న సంగతికి ఇంత మర్యాద ఎందుకో అతనికి అర్థం కాలేదు. పాఠం అయ్యాక ప్రశ్నలు వచ్చాయి. జవాబు సరైనదైతే టింగుమని గంట మోగి తర్వాతి ప్రశ్న వస్తుంది, అంతే. తప్పయితే మాత్రం ఆ గొంతు మళ్ళీ పలుకుతుంది.

“ఫర్వాలేదండీ. మరొక్కసారి చూద్దాం.”

అట్లా అని, ఆ తప్పు పోయిన సంగతిని మొదటి నుంచి, మొదటిసారి చెప్పినంత నిదానంగానే చెబుతుంది. ముత్తయ్యకు ఆ రోజు యాభైకి పంతొమ్మిది వచ్చాయి. అంటే ముప్పై ఒక్కసార్లు అతనితో ఫర్వాలేదంది. బయటికి వచ్చి, ఆ మిషన్‌కు సిగ్గు శరం లేవని అందరి ముందూ తిట్టాడు.

తక్కిన డ్రైవర్లు వేరే దారి పట్టారు. వాళ్ళలో సగం మంది ఒకప్పుడు హమాలీలే. బరువు ఎంతున్నా నలుగురు నాలుగు మూలలు పట్టుకుంటే లేస్తుందని తెలిసినవాళ్ళు. అట్లాగే ప్రశ్నలనూ పంచుకున్నారు. పది మంది, మనిషికి అయిదు ప్రశ్నలు. లోపలికి వెళ్ళినవాడు తన అయిదింటి జవాబు ఎన్నో గడిలో ఉందో గుర్తుపెట్టుకుని వచ్చి తక్కినవాళ్ళకు అప్పజెప్పాలి. ప్రశ్న చదివే పనే లేదు. రెండు, ఒకటి, నాలుగు, నాలుగు, మూడు అంటూ మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరూ బరువు లాగేటప్పుడు పాడినట్టు పాడుకున్నారు. ఈ ఏర్పాటుకు పెద్దమనిషి కొండల్. తొండుపల్లిలో ముత్తయ్య ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేవాడే. ముత్తయ్య వంతుకు ముప్పై ఒకటి నుంచి ముప్పై అయిదు దాకా ఇచ్చామని చెప్పడానికి వచ్చాడు.

“నీ వంతు నాకొద్దు, నా వంతు నీకొద్దు. పో” అన్నాడు ముత్తయ్య.

కొండల్‌తో అతను రెండేళ్ళుగా మాట్లాడటం లేదు. అనంతమ్మ పదకొండో రోజున ఊరంతా వచ్చి తిని పోయారు. కొండల్ మాత్రం బావమరిది పెళ్ళి చూపులని వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చి గుమ్మం ముందు ఎంత బతిమాలినా ముత్తయ్య తలుపు తీయలేదు.

ముత్తయ్య వంతు కూడా పంచుకుని, తక్కిన తొమ్మిది మందీ పాట కంఠతా పట్టి ఒకే రోజు కూర్చున్నారు. కంప్యూటర్ ప్రతిసారీ ప్రశ్నల వరసనూ గడుల వరసనూ కలిపేస్తుందన్న సంగతి వాళ్ళలో ఎవరికీ తట్టలేదు. ఒక్కొక్కరు ఒక్కోసారి కూర్చున్నప్పుడు తెర మీద ఏముందో చూడలేదు, గడి ఒక్కటే చూశారు. కొండల్‌కు పదకొండు వచ్చాయి. మిగతావాళ్ళకు అటూ ఇటూ. ఆ మధ్యాహ్నం ముత్తయ్య చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

అతను రెండోసారి కూర్చుంటే ఇరవై ఎనిమిది వచ్చాయి. మూడోసారి ముప్పై ఆరు. పొద్దున ఆరు గంటల డ్యూటీ రెండింటికి దిగగానే రేకుల గదికి వెళ్ళేవాడు. డ్రై ఐస్ అనే పొడి మంచు పెట్టెను మూసిన గదిలో ఉంచితే మనిషికి ఊపిరాడదు. నారింజ చీటీ ఉన్నది మనుషులెక్కే విమానంలోకి పోకూడదు. పెట్టె చెమ్మగా కనిపిస్తే చెయ్యి పెట్టకూడదు, ముక్కు పెట్టి వాసన చూడకూడదు, పక్కకు జరిగి చెప్పాలి. ఇవన్నీ అన్నం కలుపుతుంటే, బట్టలు ఉతుకుతుంటే అతనికి గుర్తొచ్చేవి. చిత్రమేమిటంటే అవి అతని సొంత మాటల్లో గుర్తొచ్చేవి కావు. ఆ గొంతులోనే గుర్తొచ్చేవి. ఒకనాడు కూరలో ఉప్పు రెండోసారి వేశాడు. నోట్లో ముద్ద పెట్టుకుని ఆగిపోయాడు. ఫర్వాలేదండీ అని ఎవరో అన్నట్టయింది. చుట్టూ చూసి, తనను తనే బూతు తిట్టుకున్నాడు.

ఈశ్వరయ్య అనే పాత డ్రైవరు అందరికన్నా ముందు నెగ్గాడు. నలభై మూడు. మర్నాడు తన మార్కులు ముత్తయ్యకు చూపిద్దామని గదికి వచ్చి నంబరు కొట్టాడు. తెర తెరుచుకోలేదు. మీ శిక్షణ పూర్తయిందని ఒక్క వరస వచ్చి మాయమైంది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ అదే. నెగ్గినవాళ్ళకు పాఠం మూసుకుపోతుందని, రెండేళ్ళ దాకా మళ్ళీ తెరుచుకోదని శ్రీలత చెప్పింది. పీడా పోయిందని ఈశ్వరయ్య చేతులు దులుపుకుని వెళ్ళాడు.

ముత్తయ్య ఆ కుర్చీలో కూర్చున్నాడు. అది అతని నాలుగోసారి. ఆపకుండా గంటలు మోగాయి. ముప్పై తొమ్మిది గంటలు అతనే లెక్కపెట్టాడు. నలభయ్యో ప్రశ్న వచ్చింది. యాసిడ్ చీటీ బొమ్మ ఏదని. నాలుగు బొమ్మలున్నాయి. సరైనది మూడోది. అతని వేలు మూడో దాని మీదికి వెళ్ళి, కాసేపు ఉండి, ఒకటో దాని మీదికి వెళ్ళి నొక్కింది.

“ఫర్వాలేదండీ. మరొక్కసారి చూద్దాం.”

తర్వాతి పదీ అట్లాగే నొక్కాడు. పదకొండుసార్లు ఆమె పాఠం చెప్పింది. అతను కుర్చీకి వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని విన్నాడు. బయటికొచ్చి ముప్పై తొమ్మిది అన్నాడు. ఒక్క మార్కుతో పోయిందే అని నలుగురూ అయ్యో అన్నారు. ఆ అయ్యో కూడా అతనికి చేదుగా లేదు.

ఆ తర్వాత అయిదోసారి, ఆరోసారి, ఏడోసారి. ప్రతిసారీ ముప్పై తొమ్మిదే. అవకాశాలు పది ఉన్నాయి కదా, పదోసారి నెగ్గితే సరిపోతుందని అతని లెక్క. బండి పోదు, అప్పటిదాకా గొంతూ పోదు. ఈ తెలివి ప్రపంచంలో ఇంకెవరికీ రాదనుకున్నాడు. మిషన్‌కు మార్కు ఒక్కటే కనపడుతుందనీ, మనిషి కనపడడనీ అనుకున్నాడు.

ఎనిమిదోసారి వింటుండగా అనంతమ్మ గుర్తొచ్చింది. పిలవకుండా వచ్చింది. పెళ్ళయిన ఆరేళ్ళకు ఊళ్ళో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెట్టారు. అనంతమ్మ పలక కొనుక్కుని మూడు వారాలు వెళ్ళింది. ఒకనాడు తన పేరు రాసి తెచ్చి చూపించింది. రెండు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ముత్తయ్య ఆ పలకను అరుగు మీద కూర్చున్నవాళ్ళందరికీ తిప్పి చూపించాడు. వాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. అనంతమ్మ పలక తీసుకుని లోపలికి పోయింది. మర్నాటి నుంచి బడికి పోలేదు. పలకను కూర కుండ మీద మూతగా పెట్టింది. చాలా ఏళ్ళు అది మూతగానే ఉంది. ఆవిరికి దాని చెక్క చట్రం నల్లబడి ఊడిపోయింది. ఆమె చచ్చిపోయేదాకా వేలిముద్రే వేసింది. దవాఖానలో కాగితం మీద కూడా.

హెడ్‌ఫోన్లలో ఆ గొంతు ఇంకా చెబుతూనే ఉంది. పుర్రె బొమ్మ ఉంటే విషమండీ. ముత్తయ్యకు ఆ రోజు పాఠం వినబుద్ధి కాలేదు. అయినా లేచి పోలేదు.

తొమ్మిదోసారి అయిన మర్నాడు శ్రీలత పిలిచింది. గదిలో ఎవరూ లేరు. కంప్యూటర్ తెరను అతని వైపు తిప్పింది. పేరు పక్కన వరసగా ఆరు ముప్పై తొమ్మిదులు. ప్రతి దాని కింద యాభై చిన్న గడులు. ముప్పై తొమ్మిది పచ్చవి, చివర పదకొండు ఎర్రవి. ఆరు వరసల్లోనూ అంతే, ఒక్క గడి తేడా లేదు.

“కళ్ళు మూసుకొని నొక్కినా పదకొండిట్ల రెండన్న సరైతయి బాపు. నీకు ఒక్కటి గూడ కాలే. అన్ని తెలిసినోడే అన్ని తప్పు పెట్టగలుగుతడు.”

ముత్తయ్య ముఖం నల్లబడింది. పట్టుబడినవాడు ఎదురు తిరుగుతాడు. అతనూ తిరిగాడు. పని లేకపోతే ఇంటికి పోయి కూర్చో, నా మార్కులు కెలకమని నీకెవరు చెప్పారని అరిచాడు. శ్రీలత అరవలేదు. ఈ కాగితం మేనేజరుకూ పోతుందనీ, ఆయన గడులు చూసే రకం కాదు, మార్కులే చూస్తాడనీ, తొమ్మిదిసార్లు తప్పినవాడికి బుర్ర లేదని హమాలీల జాబితాలో మూడో పేరుగా అప్పుడే రాసేశాడనీ చెప్పింది. ఇంకొక్క అవకాశమే ఉంది. ఆ రోజు కరెంటు పోయినా, చెయ్యి వణికినా, ఎక్కడ పొరపాటు జరిగినా బండి పోయినట్టే.

“ఎందుకు బాపు గిట్ల జేస్తున్నవ్?”

అతను తెర వైపు చూస్తూనే అడిగాడు.

“గామె ఎవరు?”

“ఎవరు?”

“గీ పాఠం జెప్పేటామె.”

శ్రీలతకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అయ్యాక నవ్వలేదు, అది ఆమె గొప్పతనం. తెలియదంది. ఎక్కడో స్టూడియోలో ఒక పూట కూర్చుని చదివిపోయి ఉంటుంది, అంది. తన ఫోన్‌లో బ్యాంకు లెక్కల పాఠాల్లోనూ ఇదే గొంతు ఉందని, అక్కడా తప్పు పెడితే ఇదే మాట అంటుందని చెప్పింది. కావాలంటే అతని ఫోన్‌లోకి ఎక్కిస్తానంది.

“నాకెందుకు?” అని ముత్తయ్య బయటికొచ్చేశాడు.

అతనికి దుఃఖం రాలేదు. కోపం వచ్చింది. బస్సులో ఈ పిల్లకు, క్యాంటీన్ వెనక కొండల్‌కు, ఇంకా ఎన్ని ఊళ్ళలో ఎంతమంది బుద్ధి తక్కువవాళ్ళకో అదే ఫర్వాలేదు. తను ఒక్కడే కాదు. మిషన్ అని తెలియక కాదు. తెలిసి కూడా నెల రోజులుగా స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని మరీ ఆ గదికి వెళ్ళినవాడి మీద కోపం. తను క్షమించనివాళ్ళ జాబితాలోకి అతను తనను కూడా చేర్చుకున్నాడు. తమ్ముడి పక్కన, డాక్టరు పక్కన.

బోనాలకు ముందు శుక్రవారం పదోసారి కూర్చున్నాడు. మాసిన డ్యూటీ బట్టలతోనే వెళ్ళాడు. హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. మొదటి గంట మోగింది. రెండోది, మూడోది. నలభై దాటాయి. ఇక కావాలంటే తప్పు పెట్టొచ్చు, బండి ఎక్కడికీ పోదు. పది ప్రశ్నలున్నాయి. పదిసార్లు వినొచ్చు. అతను పెట్టలేదు. యాభై గంటలూ మోగాయి. తెర మీద పూలగుత్తి బొమ్మ వచ్చింది. మాట రాలేదు. అన్నీ సరిగ్గా చెప్పినవాడితో మాట్లాడాల్సిన అవసరం ఆ పాఠానికి లేదు. అతను హెడ్‌ఫోన్లు తీయకుండా కొంతసేపు కూర్చున్నాడు. లోపల సన్నని గాలి చప్పుడు లాంటిది తప్ప ఏమీ లేదు.

మేనేజరు జాబితాలో మూడో పేరు కొట్టేశాడు. ఒకటో పేరు కొండల్‌ది.

ఆ సాయంత్రమే శ్రీలత ఇంకో మాట తెచ్చింది. కొండల్‌కూ ఇంకో ఆరుగురికీ ఒకటి రెండు అవకాశాలే మిగిలాయి. వాళ్ళకు ఆ గొంతు చెప్పే తెలుగు అందడం లేదు. ముందు గడులు చూసి పాడు చేసుకున్నారు, ఇప్పుడు మాటలు అర్థంకాక పాడు చేసుకుంటున్నారు. అదే పాఠం మన మాటలో చెబితే ఫోన్‌లో రికార్డు చేసి అందరికీ ఇస్తానంది. రెండు రోజులు వింటే చాలు.

“కొండల్ బండి దిగితే నాకేం పోతది? మొయ్యనీ.”

“నీకేం పోదు బాపు. కానీ యాభైకి యాభై తెచ్చినోడు ఈడ నువ్వొక్కడివే. ఒక్క గంట కూసో.”

ముత్తయ్య ఒప్పుకున్నాడు. కొండల్ మీద జాలితో కాదు. ఇంటికి వెళితే చేసేది ఏమీ లేదు కాబట్టి.

శ్రీలత ఫోన్‌ను బల్ల మీద పెట్టి రికార్డర్ నొక్కింది. అతను కాగితం చూడకుండా మొదలుపెట్టాడు. ఎర్ర చీటీ మీద మంట బొమ్మ ఉన్నదంటే లోపల అంటుకునేది ఉన్నది, బీడీ గీడీ దగ్గరికి తేవద్దు. పెట్టె చెమ్మగ ఉన్నదంటే అత్తరు అనుకొని వాసన చూడకు, చస్తవ్. శ్రీలతకు నవ్వు ఆగలేదు. అతని గొంతు ఆగకుండా సాగింది. ప్రశ్న అడిగి, జవాబుకు కొంచెం వ్యవధి ఇచ్చి, సరైన జవాబు చెప్పడం. ముప్పై నిమిషాల్లో యాభై ప్రశ్నలూ అయిపోయాయి. అంతసేపు ఒక్కబిగిన మాట్లాడటం రెండేళ్ళలో అతనికి అదే మొదలు.

అప్పుడు శ్రీలత ఒకటి మిగిలిందంది. జవాబు తప్పయినవాళ్ళు వెనక్కి తిప్పుకుని వినాలి కదా. అందుకని మధ్యమధ్యలో వేయడానికి ఒక్క మాట కావాలి. తప్పయినా ఏం కాదు, మళ్ళీ ఒకసారి విను, అని.

ముత్తయ్య అన్నాడు. శ్రీలత వినిపించింది. అది ఎవరినో గల్లా పట్టుకుని అడుగుతున్నట్టు ఉంది. మళ్ళీ అన్నాడు. ఈసారి వెటకారంగా ఉంది. జర మెల్లగా అనమంది. మెల్లగా అంటే బెదిరించినట్టు ఉంది. అప్పుడే ఆ రికార్డు కోసం వచ్చిన కొండల్ గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

“పాఠమా అన్నా, పంచాయితీనా?” అన్నాడు.

ముత్తయ్య అతని వైపు చూడలేదు. ఫోన్ వైపే చూస్తూ ఇంకోసారి నోరు తెరిచాడు. తప్పయినా, అన్నాడు. ఆగాడు. ఆ మీద మాట రాలేదు. యాభై ఒక్క ఏళ్ళలో ఆ మాట ఎవరితోనైనా అన్నానా అని వెతుక్కున్నాడు. దొరకలేదు. అనాల్సిన మనిషి తిరగబడ్డ రెండక్షరాలతో ఎదురుగా నిలబడ్డ రోజున అతను నవ్వాడు.

“గది తీసెయ్ బిడ్డా. తప్పైతే తప్పే. గంతే” అని లేచాడు.

శ్రీలత బలవంతం చేయలేదు. ఆ చోట్లను ఖాళీగానే వదిలేసింది. ప్రశ్న, కొంత మౌనం, జవాబు, మళ్ళీ కొంత మౌనం.

ఆ రికార్డు బ్లూటూత్‌లో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పాకింది. శనివారం, ఆదివారం కొండల్ చెవిలో నుంచి దాన్ని తీయలేదని, బోనం వెంట నడుస్తూ కూడా విన్నాడని అందరూ చెప్పుకున్నారు. సోమవారం కొండల్‌కు నలభై రెండు వచ్చాయి. ఏడుగురిలో ఆరుగురు నెగ్గారు. కొండల్ నేరుగా ముత్తయ్య బండి దగ్గరికి వచ్చాడు. టైర్ల గాలి చూస్తున్నట్టు కాలితో తన్నాడు. గట్టి రబ్బరు టైర్లు, వాటిలో గాలే ఉండదు. ముత్తయ్య లివర్ లాగాడు. కొమ్ములు లేచాయి. కొండల్ పక్కకు జరిగాడు.

పరీక్ష గడువు అయిపోయినా రికార్డు ఆగలేదు. బండి ఎక్కాలని ఆశ ఉన్న హమాలీలు దాన్ని ఎక్కించుకున్నారు. మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డు నీడలో గుండ్రంగా కూర్చుని, మధ్యలో ఒక ఫోన్ పెట్టుకుని వినేవాళ్ళు. కొందరు పెద్ద శబ్దంతో, కొందరు చెవికి ఆనించుకుని. ఒక్కోసారి మూడు ఫోన్లలో మూడు చోట్ల ముత్తయ్య ఒకేసారి మాట్లాడేవాడు. అంతమంది మధ్య అతను అంత మాట్లాడటం ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ముత్తయ్య మాత్రం ఇరవై అడుగుల అవతల, తన బండి మెట్టు మీద కూర్చుని తినేవాడు.

శ్రావణం మొదలైన వారంలో ఒకనాడు కొండల్ ఆ గుంపులో నుంచి చెయ్యి ఊపాడు.

“అన్నా, ఇటు రారాదు. నీ పాఠమే నడుస్తున్నది.”

ముత్తయ్యకు వినపడింది. వినపడనట్టు డబ్బా మూత తీశాడు. అటు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. వెనక నుంచి అతని గొంతే ప్రశ్న అడిగింది. పొడి మంచు పెట్టెను మూసిన గదిల పెడితే ఏమైతది? ఎవరో కరిగి నీళ్ళవుతుందన్నారు. ఊపిరాడదు, అంది గొంతు. ఆ తర్వాత ఖాళీ. ఎక్కడ ఎంత ఖాళీ ఉందో ముత్తయ్యకు తెలుసు. ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆగాడు.

“ఏం కాదు తియ్, మల్ల పెట్టు” అన్నారు ఎవరో. నలుగురూ నవ్వారు. తప్పు చెప్పినవాడు కూడా నవ్వాడు.

ముత్తయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తినడం అయ్యాక డబ్బా కడిగి, బండి ఎక్కి, వరసలో నిలబెట్టిన పెట్టెల వైపు తిప్పాడు.